అటు తిరిగిన నెమలి!

చిన్నప్పుడు మీరంతా చేసే వుంటారు. అర్ధరూపాయి బిళ్ళ మీద నోటుపుస్తకం కాగితం పరిచి, పెన్సిల్ని అడ్డంగా పట్టుకుని రుద్దితే మూడు సింహాలూ మెల్లిగా పైకి లేచి వచ్చేవి. లెక్కల మాస్టారు చూస్తే చెవి మెలిపెట్టేవారు, అది వేరే సంగతి.

ముప్ఫయ్యేళ్ళుగా కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్న నన్ను ఆ పిల్లల ఆటే ఒక పెద్ద గండం నుంచి గట్టెక్కించిందంటే నమ్ముతారా? సినిమా పేరు చెప్పను. హీరోయిన్ పేరు అసలే చెప్పను. చెబితే ఎడిటర్ గారికి ఫోన్లొస్తాయి, ఎడిటర్ గారి నుంచి నాకు ఫోనొస్తుంది. మిగతాదంతా దాచకుండా చెబుతాను.

కథలో హీరోయిన్ది పల్లెటూరి పిల్ల వేషం. డైరెక్టర్ గారికి పట్టింపు ఎక్కువ. "కొత్త ఓణీ తెచ్చి టీ నీళ్ళలో ముంచి పాతదని చూపించకండి. నిజంగా పాతది కావాలి" అన్నారు. అక్కడ నోరు మూసుకుని వుంటే సరిపోయేది. వుండలేదు. "మా పెడనలో మేనత్త దగ్గర వుంది సార్. మా తాత స్వయంగా అచ్చు చెక్కి, అద్దకం వేసి ఇచ్చిన ఓణీ" అన్నాను గొప్పగా.

పెడన తెలుసుగా! మచిలీపట్నం పక్కనే. కలంకారీ అద్దకాలకి పేరున్న వూరు. మా తాత అక్కడ టేకు చెక్కతో అచ్చులు చెక్కేవాడు. మా నాన్నకి ఆ పని అబ్బలేదు, నాకు అసలే అబ్బలేదు. నేను కత్తెరా, టేపూ పట్టుకుని సినిమాల్లోకి వచ్చేశాను. అత్తయ్య దగ్గర ఆ ఓణీ ఒక్కటి మిగిలింది. ఇటుకరంగు నేల మీద అంచు పొడుగూతా నల్లటి గీతలతో నెమళ్ళు. అన్నీ ఎడమవైపుకే చూస్తుంటాయి. కట్టీ కట్టీ, ఉతికీ ఉతికీ గీతలు కాస్త వెలిసి మసకబారాయి. డైరెక్టర్ గారు దాన్ని చేత్తో పట్టుకోగానే "ఇదీ!" అన్నారు. మొదటి షెడ్యూల్లో నాలుగు సీన్లు ఆ ఓణీతోనే తీశారు. క్లోజప్పులతో సహా.

షెడ్యూల్ ఆఖరిరోజు రాత్రి బట్టలు సర్దుతూ, నిద్రమత్తులో, ఆ ఓణీని తెల్ల పంచెల మూటలో పడేశాను. ఆ పంచెలు పొద్దున్నే బ్లీచింగ్ నీళ్ళలోకి వెళ్ళాయి. ఎవరినో అని లాభం లేదు. పడేసింది ఈ చెయ్యే.

మధ్యాహ్నానికి బకెట్లోంచి తీసి చూస్తే అక్కడక్కడా పాలిపోయిన మచ్చలు, ఒకచోట చెయ్యి పెడితే పోగులు విడిపోయాయి. కాళ్ళు వణికాయి. తరవాతి షెడ్యూల్‌కి తొమ్మిది రోజులే వుంది. అయితే నేను భయపడింది డైరెక్టర్ గారికి కాదు. పెడన వెళ్ళి అత్తయ్యకేం చెప్పాలా అని.

అదేరోజు రాత్రి బస్సెక్కాను.

అత్తయ్యకి ఎనభై దాటాయి. నేను చెప్పిందంతా విని తిట్టలేదు. తిట్టినా బావుండేది! ఓణీ ముక్కని మోకాలి మీద పరిచి, మచ్చల్ని చేత్తో సవరించింది, అలా సవరిస్తే రంగు తిరిగొస్తుందేమో అన్నట్టు. కాసేపటికి "అటక మీద ట్రంకుపెట్టె వుంది, దింపు" అంది. అందులో పాత పంచాంగాల కింద ఆ నెమలి అచ్చు వుంది. అరచెయ్యంత వుంటుంది. వెనక పిడి సగం చెదలు తినేసింది. తోక దగ్గర్నుంచి మెడదాకా ఒక పగులు.

"దీంతో అచ్చు పడదురా. వేస్తే చస్తుంది" అంది అత్తయ్య.

నిజమే. అద్దకం వేసేవాళ్ళు అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, వీపు మీద పిడికిలితో గట్టిగా గుద్దుతారు. ఈ అచ్చు ఒక్క గుద్దుకి రెండు ముక్కలవుతుంది. పోనీ అదే డిజైన్‌తో కొత్త అచ్చు చెక్కించి అసలు పద్ధతిలో అద్దకం చేయిద్దామా అంటే... గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టాలి, ఎండబెట్టాలి, పటిక అద్దకం, మళ్ళీ కాలవలో జాడింపు, రాగి బానలో ఉడకబెట్టడం, మళ్ళీ ఎండ. ఇందులో ఏదీ మన కాల్షీట్ల మాట వినదు. అచ్చుని తువ్వాల్లో చుట్టుకుని హైదరాబాద్ వచ్చేశాను.

చెల్లెలి పెట్టె

మా చెల్లెలు డల్లాస్‌లో వుంటుంది. అక్కడి ఆడవాళ్ళతో కలిసి క్విల్టులు, అంటే మన బొంతలే అనుకోండి, ముక్కలు కలిపి కుట్టే పని నేర్చుకుంది. మన బొంత చలికి కప్పుకునేది, వాళ్ళ బొంత గోడకి తగిలించేది. అంతే తేడా! క్రితంసారి వచ్చినప్పుడు రంగు కడ్డీల పెట్టె ఒకటి మా ఇంట్లో మరిచిపోయింది. పెట్టె మీద "శివా పెయింట్ స్టిక్" అని వుంది. మా టైలర్ కుర్రాడు చూసి "1989 సినిమా మీద అభిమానంతో పెట్టారా బాబాయ్?" అని అడిగాడు. సైకిల్ చెయిన్ కనబడలేదు కాబట్టి కాదనే చెప్పాను.

బొటనవేలంత లావు కడ్డీలు. రంగుపొడి, ఆరే గుణం వున్న నూనె, మైనం కలిపి పోతపోసినవి. నూనెరంగునే ట్యూబులోంచి పిండే బదులు సుద్దముక్కలా చేత్తో పట్టుకుని గీస్తున్నామన్నమాట. వీటిని గుడ్డ కింద ఏదైనా గరుకు వస్తువు పెట్టి పైన రుద్దితే, ఎత్తుగా వున్నచోటల్లా రంగు అంటుతుంది, పల్లంలో అంటదు. ఆకులు, లేసులు, చెప్పుల అట్టలు, జల్లెడలు... అమెరికాలో ఆ ఆడవాళ్ళు దేన్నీ వదల్లేదట. దీనికోసమే ప్లాస్టిక్ పలకలు కూడా అమ్ముతారట.

ఇక్కడొక హెచ్చరిక. స్కూలు పిల్లల ఆయిల్ పేస్టెల్స్ చూసి ఇవీ అవే అనుకోకండి. నేననుకున్నాను. నాలుగేళ్ళ క్రితం ఒక పాటకి పది లంగాల మీద పేస్టెల్స్‌తో పూలు రుద్దేశాను. చూడ్డానికి బ్రహ్మాండం. మూడో స్టెప్పుకల్లా లంగాల పూలు హీరో తెల్ల ప్యాంటు మీద పూశాయి! పేస్టెల్స్‌లో నూనె ఎన్నాళ్ళున్నా ఆరదు. ఈ కడ్డీల్లో నూనె గాలి తగిలితే గట్టిపడుతుంది. పేర్లు దగ్గరగా వుంటాయి కానీ గుణాలు ఉత్తర దక్షిణాలు.

రాత్రి పదకొండుకి చెల్లెలికి వీడియో కాల్ చేశాను. వాళ్ళకి మధ్యాహ్నం. అచ్చు చూపించగానే దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరవాత పాఠం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, ముందు గుడ్డకి గంజి పోవాలి. కొత్త గుడ్డకి మిల్లువాళ్ళు పూసిన మెరుగూ పోవాలి. లేకపోతే రంగు పైపైనే నిలుస్తుంది, లోపలికి పట్టదు."

కోఠీలో సన్నటి మల్లుగుడ్డ కొని, తెలిసిన రంగులాయన దగ్గర పాత ఓణీ ముక్క పెట్టి అదే ఇటుకరంగు వేయించాను. రెండుసార్లు ఉతికి ఇస్త్రీ చేశాను. గుడ్డ ఎంత సన్నగా వుంటే కింది గీత అంత స్పష్టంగా పైకొస్తుంది. మందపు గుడ్డ కింద నెమలి పెడితే బాతు వస్తుంది.

తరవాత కడ్డీ. ఒకసారి వాడి పక్కన పెడితే ఒకరోజులో చివరన పాల మీద మీగడలా పొర కడుతుంది. లోపల రంగు ఎండిపోకుండా కాపాడేది అదే. వాడేముందు ఆ పొరని చాకుతో గీకెయ్యాలి. ఈ గీకుడు పొట్టు దగ్గర జాగ్రత్త! ఒక్క పలుకు గుడ్డ మీద పడి దాని మీద చెయ్యి ఆనిందా, ఆ మచ్చ ఇంక మీ సొంతం.

అన్నిటికన్నా కష్టమైంది అచ్చు కదలకుండా నిలబెట్టడం. చెల్లెలి పలకలు చదునుగా బల్లకి అతుక్కుని వుంటాయి. మన అచ్చుకి వెనక పిడి వుందాయె! బోర్లిస్తే బొమ్మ కిందికి, వెల్లకిలా పెడితే వుయ్యాల. ఆఖరికి మా మేస్త్రీ తట్టలో ఇసుక పోసి, పిడిని ఇసుకలో పాతాం. అచ్చు ముఖం ఒక్కటే పైకి. చుట్టూ అదే ఎత్తుకి అట్టముక్కలు పేర్చాం, గుడ్డ జారి అచ్చు అంచుని పట్టుకోకుండా. లేకపోతే నెమలి చుట్టూ చతురస్రం కూడా అచ్చవుతుంది.

గుడ్డ పరిచాక వెంటనే రుద్దకూడదు. ముందు వేళ్ళతో తడమాలి. ముక్కెక్కడ, తోకెక్కడ, ఎక్కడ ఆపాలి... వేళ్ళకి తెలియాలి. అప్పుడు ఎడంచేత్తో గుడ్డని బిగబట్టి, కుడిచేత్తో మన వైపు నుంచి అవతలికి, చిన్నచిన్న గీతలుగా, ఒకే దిక్కుకి. గిన్నె తోమినట్టు ముందుకీ వెనక్కీ తోమితే గుడ్డ జరిగి ఒక నెమలికి రెండు నీడలొస్తాయి. మొదటి గంటలో నేను చేసినవన్నీ దెయ్యం నెమళ్ళే. బలం పెడితే పల్లంలోకి కూడా రంగు దిగి ముద్దయిపోతుంది. నిద్రపోయే పిల్లాడి వీపు తట్టినంత మెత్తగా రుద్దాలి.

అర్ధరాత్రి దాటాక చెయ్యి కుదిరింది. ముక్కు వచ్చింది. మెడ వంపు వచ్చింది. తోకలో ఒక్కొక్క కన్నూ విచ్చుకుంది. మా తాత ఉలి ఎక్కడ ఆగి మళ్ళీ బయల్దేరిందో అక్కడ చిన్న మెట్టులా తెలుస్తోంది. అచ్చుతో అద్దకం వేసినప్పుడు రంగు అదంతా కప్పేస్తుంది కాబోలు, ఆ మెట్టు నేను ఓణీ మీద ఎప్పుడూ చూళ్ళేదు. తోక నుంచి మెడదాకా పగులు కూడా సన్నటి ఖాళీ గీతగా వచ్చింది. గీతలు గరుగ్గా, మసగ్గా వున్నాయి. అచ్చం ఏళ్ళ తరబడి ఉతికిన ఓణీలా! నేను వయసు తెప్పించక్కర్లేకుండానే వచ్చేసింది.

తెల్లారేసరికి అంచు మొత్తం, నలభై రెండు నెమళ్ళు, పూర్తిచేశాను. ఫొటో తీసి కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయికి పంపి, గర్వంగా పడుకున్నాను.

అమ్మాయి ఫోన్

పది నిమిషాలు పట్టలేదు. "బాబాయ్ గారూ, చాలా బావుంది. కానీ నెమళ్ళు కుడివైపు చూస్తున్నాయి."

లేచి కూచున్నాను. "ఫొటో తిరగబడి వుంటుందమ్మా."

"లేదు బాబాయ్ గారూ. మీ ఇస్త్రీపెట్టె మీద కంపెనీ పేరు సరిగ్గానే కనబడుతోంది. నెమళ్ళే తిరగబడ్డాయి."

తలకి తట్టేసరికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రబ్బరు స్టాంపు గుర్తు తెచ్చుకోండి. దాని మీద అక్షరాలు తిరగేసి వుంటాయి, కాగితం మీద గుద్దితే సరి అవుతాయి. అద్దకం అచ్చూ అంతే. ఓణీ మీద నెమలి ఎడమకి చూడాలంటే చెక్క మీద కుడికి చూసేలా చెక్కాలి. కానీ రుద్దుడు బొమ్మ గుద్దేది కాదు, పైనుంచి చూసేది. అచ్చు ముఖం ఎటుంటే బొమ్మా అటే. శాసనాల మీద తడి కాగితం పరిచి, పల్లాల్లోకి దిగేలా కుచ్చుతో కొట్టి, పైన సిరా అద్ది నకలు తీసేవాళ్ళకి ఇది వరం. రాతి మీద అక్షరం ఎలా వుందో కాగితం మీద అలాగే చదువుకోవచ్చు. నాకు మాత్రం శాపమైంది. అద్దకం ఇంటి మనవణ్ణి అయివుండీ ఆ మాత్రం తట్టలేదు చూడండి!

గుడ్డని తిప్పి వెనకవైపు వాడదామా అంటే రంగు పైకే అంటింది, వెనక దాదాపు ఏమీ లేదు. మళ్ళీ చెల్లెలు. అక్కడ అర్ధరాత్రి కావస్తోంది. ఈసారి నిద్రగొంతుతోనే దారి చెప్పింది. "తిరగేసిన పలక నువ్వే చేసుకో అన్నయ్యా. జిగురుతో."

పగిలిన అచ్చుకి పల్చగా రంగు పూసి, గుద్దకుండా, బొటనవేళ్ళతో మెత్తగా నొక్కి మందపాటి అట్ట మీద ఒక ముద్ర తీశాను. ఎడమకి చూసే నెమలి! ఆ గీతల వెంట ఫెవికాల్ గీయాలి. నా చేతులకి అంత సన్నగీత రాదు. మా యూనిట్ హెయిర్‌డ్రెస్సర్ అక్క గోరింటాకు పెట్టడంలో దిట్ట. కోన్‌లో గోరింటాకు బదులు ఫెవికాల్ నింపి ఇస్తే, "నా సర్వీసులో నెమలికి గోరింటాకు పెట్టడం ఇదే మొదలు" అంటూ నాలుగు అట్టలు గీసిపెట్టింది. జిగురు ఆరితే కుంగుతుంది కాబట్టి ఆరాక రెండో పూత. మర్నాటికి గీతలు గాజులా గట్టిపడి ఎత్తుగా నిలబడ్డాయి. అట్టలు చదును, ఇసుక తట్టతో పనిలేదు. ఇంకో మల్లుగుడ్డ, మళ్ళీ నలభై రెండు నెమళ్ళు. అన్నీ ఎడమకే!

పగులుని అక్క గీయలేదు. గీయొద్దన్నాను. అసలు ఓణీ అద్దినప్పటికి అచ్చు పగల్లేదు మరి.

ఇహ ఆరబెట్టడం. ఈ రంగు నీళ్ళు ఆవిరై ఆరేది కాదు, నూనె గాలితో కలిసి గట్టిపడాలి. తక్కువలో తక్కువ మూడు నుంచి ఐదు రోజులు. తడి గాలైతే ఇంకా ఆలస్యం. ఫ్యాన్ కింద తీగ కట్టి వేలాడదీసి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. ప్రొడక్షన్ మేనేజర్ గారు రోజూ ఫోన్ చేసి "ఆరిందా?" అనడం, నేను "ఆరుతోందండీ" అనడం. నాలుగు రోజులు ఇదే డైలాగు.

ఆ నాలుగు రోజుల్లో చెల్లెలు ఒకటే పోరింది, చేతులు తుడుచుకున్న గుడ్డపేలికలు వుండచుట్టి మూల పడెయ్యొద్దని. ఆరే నూనె పీల్చిన పేలికలు ముద్దగా వుంటే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నిప్పు అక్కర్లేదు. కాస్ట్యూమ్స్ గదిలో అంతకన్నా భయంకరమైన మాట వుంటుందా? విడివిడిగా పరిచి బయట ఆరబెట్టాను.

ఎనిమిదో రోజు ఇస్త్రీ. కింద కాగితం పరిచి, ఓణీని బోర్లించి, వెనకవైపు నుంచి, ఆవిరి లేకుండా, ఒక్కోచోట పది పదిహేను సెకన్లు. వాసన వస్తుంది, కిటికీలు తీసే వుంచాలి. అప్పుడు రంగు గుడ్డని పట్టుకుంటుంది. తరవాత చన్నీళ్ళలో మామూలుగా ఉతికినా పోదు. డ్రైక్లీనింగ్‌కి మాత్రం ఇవ్వకూడదు, ఆ ద్రావకాలకి నూనెరంగు లొంగుతుంది. తెల్ల రుమాలుతో నెమలిని గట్టిగా రుద్ది చూశాను. రుమాలు తెల్లగానే వుంది. గుడ్డ కూడా అట్టలా బిరుసెక్కలేదు, మల్లులా మెత్తగానే వుంది.

షూటింగ్ రోజు డైరెక్టర్ గారు పాత సీన్ మానిటర్లో పెట్టి, పక్కన హీరోయిన్‌ని నిలబెట్టి చూశారు. అటు చూశారు, ఇటు చూశారు. "షాట్ రెడీ" అన్నారు. అంతే! మాకు అదే పద్మశ్రీ.

ఫ్రెంచి సముద్రపొడ్డున పోర్నిక్ అనే వూళ్ళో 1925 ఆగస్టులో మాక్స్ ఎర్న్‌స్ట్ అనే చిత్రకారుడు, బసలో అరిగిన నేలచెక్కల మీద కాగితాలు పరిచి రుద్దితే అందులో మృగాలూ అడవులూ కనబడ్డాయట. ఆ పద్ధతికి "ఫ్రొటాజ్" అని పేరు. మరుసటేడు ఆ బొమ్మలు అచ్చయ్యాయి కూడా. ఈ కబురు చెల్లెలే చెప్పింది. ఆయనకి లేని మృగాలు కనబడ్డాయి, నాకు వున్న నెమలే తిరగబడింది. ఎవరి రాత వాళ్ళది!

షెడ్యూల్ అయ్యాక రెండు ఓణీలూ తీసుకుని పెడన వెళ్ళాను. ముందు మంచిది, ఎడమకి చూసేది, అత్తయ్య ఒళ్ళో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి "బాగానే చేశావురా" అంది. ఇంట్లోకి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు అంది. అంతకుమించి లేదు. నాకు కాస్త చిన్నబుచ్చినట్టయింది.

సంచీలో రెండోదాని కొస కనబడి "అదేంటి?" అంది.

"అది చెడిపోయింది అత్తయ్యా. నెమళ్ళు అటు తిరిగాయి."

"ఇలా ఇయ్యి."

కళ్ళజోడు తుడుచుకుని, కిటికీ దగ్గరకి జరిగి, ఓణీని వెలుతురికి పట్టింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ఉలి మెట్ల మీదుగా వేలు పోనిస్తూ అంది:

"తిరగటమేంట్రా! ఇదే సరి. నాన్న చెక్కుతుంటే నేను పక్కనే కూచుని పొట్టు ఊదేదాన్ని. చెక్క మీద ఇది ఎప్పుడూ ఇటే చూసేది. ఓణీ మీదకొచ్చాక అటు తిరిగేది. 'నా వైపు చూడదేం నాన్నా' అని ఏడ్చేదాన్ని చిన్నప్పుడు."

పగులు గీత దగ్గర వేలు ఆగింది. "ఇది మాత్రం నాన్న పోయాక వచ్చింది" అంది.

దాన్ని నాలుగు మడతలు పెట్టి తలగడ కిందకి తోసింది. మంచిదాన్ని నా చేతికిచ్చి, "ఇది మీ సినిమావాళ్ళ దగ్గరే వుండనీ. అచ్చు కూడా ఇక్కడ పెట్టేసి వెళ్ళు. అన్నం తిని వెళ్తావా, రాత్రి బస్సుకా?" అంది.

రాత్రి బస్సుకే వెళ్ళాను. ఆ ఓణీ ఇప్పుడు కృష్ణానగర్లో మా గదిలో, సీన్ నంబర్లు రాసిన సంచీలో వుంది. చుట్టుపక్కల తెల్ల పంచెలు లేవు.